తలుపు చాటు గొంతు

నాకిప్పుడు డెబ్బై ఆరేళ్ళు. రేపల్లె దగ్గర కృష్ణ కరకట్ట కింద ఒక ఊళ్ళో పుట్టాను. బాపట్లలో చదువుకున్నాను. తెనాలిలో ముప్పై ఏళ్ళకు పైగా ఆడపిల్లలకు తెలుగు చెప్పి, ఇక్కడే ఉండిపోయాను. కిందటేడు ధనుర్మాసం మొదట్లో మా అపార్ట్‌మెంటు పిల్ల ఒకతి తలుపు తట్టి, "అమ్మమ్మగారూ, గొబ్బి పాట ఏదైనా ఉంటే ఫోన్‌లో పంపిస్తారా?" అంది. పంపడానికి నా దగ్గర ఏమీ లేదు. ఎందుకు లేదో చెప్పడానికైతే చాలా ఉంది. ఆ పిల్లకు అప్పుడు చెప్పలేకపోయినది ఇప్పుడు రాస్తున్నాను.

1. పాట ఎత్తేది ఒకరు, నిలబెట్టేది పదిమంది.

మా ఊళ్ళో డిసెంబరు 16 అనే లెక్క లేదు. నెలగంట పెట్టారంటే సంక్రాంతి నెల వచ్చినట్టే. తెల్లారకముందే కళ్ళాపి చల్లడం, ముగ్గు, ముగ్గులో గొబ్బెమ్మలు, వాటి నెత్తిన గుమ్మడి పూలు. ఆ పూలు దొరకనివాళ్ళు బంతిపూలతో సరిపెట్టుకునేవాళ్ళు. సాయంత్రం పేరంటం. పీట మీద పెద్ద గొబ్బెమ్మను నిలిపి పసుపు కుంకుమలద్ది, ఆడపిల్లలం చుట్టూ చేరేవాళ్ళం. వంగి ఒక చప్పట, లేచి ఒక చప్పట, పక్కకు ఒక అడుగు. మా పెదనాన్న కూతురు పాట ఎత్తేది, మేం అందుకునేవాళ్ళం. అయ్యాక దోసిట్లో నానబెట్టిన శనగలు.

నాకప్పుడు పదేళ్ళు. గొంతు బాగుందని నలుగురూ అనడంతో అది తలకెక్కింది. ఒక సాయంత్రం అక్క నోరు విప్పకముందే చరణం నేనెత్తుకున్నాను, అదీ బాగా పై శ్రుతిలో. చిన్నపిల్లలకు అందలేదు. చప్పట్లు తడబడ్డాయి, అడుగులు తప్పాయి, ఎవరో గొబ్బెమ్మను తొక్కారు. నన్నెవరూ తిట్టలేదు. వంటింటి తలుపు చాటు నుంచి ఒక గొంతు అదే చరణాన్ని కిందిశ్రుతిలో, ఏమీ జరగనట్టు మళ్ళీ మొదలుపెట్టింది. వరస దానంతటదే కుదురుకుంది.

ఆ గొంతు మా తాతయ్య చెల్లెలిది. మా నాన్న "అత్తయ్యా" అని పిలుస్తుంటే విని మేమూ అదే పిలుపు పట్టుకున్నాం. ఊహ తెలియని వయసులో పెళ్ళి, తెలిసేసరికి వైధవ్యం. పసుపు కుంకుమలు పంచే చోట ఆవిడకు పీట లేదు. పాటలన్నీ మాత్రం ఆవిడ దగ్గరే ఉండేవి. చింతపండు ఈనెలు తీస్తూ తలుపు వెనక కూర్చునేది. అక్క మరిచిపోయినప్పుడల్లా తర్వాతి మాట అక్కడి నుంచే వచ్చేది. మా గొబ్బికి పాట ఎత్తే మనిషి వలయంలో లేదు, గోడకు అవతల ఉందన్న సంగతి నాకు అర్థం కావడానికి చాలా ఏళ్ళు పట్టింది.

2. మనం పుస్తకంలో చదివేది మన వాకిట్లో జరుగుతూ ఉండవచ్చు.

బాపట్లలో బి.ఏ. చదివే రోజుల్లో పాల్కురికి సోమనాథుడి పండితారాధ్య చరిత్రలో వచ్చే పదాల పేర్లు వరసగా కంఠస్థం చేశాను. తుమ్మెద పదాలు, ప్రభాత పదాలు, పర్వత పదాలు, ఆనంద పదాలు, వెన్నెల పదాలు, గొబ్బి పదాలు. 13వ శతాబ్దం నాటికే గొబ్బికి పదాలున్నాయని పరీక్షలో రాసి మంచి మార్కులు తెచ్చుకున్నాను. అదే ఏడు సంక్రాంతి సెలవులకు ఇంటికొచ్చి, వాకిట్లో గొబ్బి తడుతుంటే అరుగు మీద యద్దనపూడి నవలలో తలదూర్చి కూర్చున్నాను. "రావే" అని ఒకరిద్దరు పిలిచారు. చదువుకున్న పిల్ల పేడముద్ద చుట్టూ తిరగడమేమిటని నాకు నామోషీ. పరీక్షలో రాసిన గొబ్బి పదం, వాకిట్లో పాడుతున్న గొబ్బి పాట ఒకటేనన్న ఆలోచన నా బుర్రకు తట్టనే లేదు.

ఇంకో సంగతి. తెనాలి నుంచి గుంటూరు వెళ్ళే దారికి దగ్గర్లోనే చేబ్రోలు ఉంది. కాకతీయ గణపతిదేవుడి ఏనుగుల దళాన్ని నడిపిన జాయప సేనాని ఏలిన చోటు. ఆయన వంశంవారిది దివిసీమ, అంటే మా కరకట్ట ఎక్కి చూస్తే ఏటికి అవతలి గడ్డ. 1253-54 ప్రాంతంలో ఆయన సంస్కృతంలో నృత్తరత్నావళి రాశాడు. ఎనిమిది అధ్యాయాల్లో నాలుగు శాస్త్రీయమైన మార్గ పద్ధతికి, తక్కిన నాలుగు దేశి నృత్తాలకు. రాసకం, చర్చరి, కోలలతో ఆడే దండరాసకం అన్నీ అందులో ఉన్నాయి. ఏనుగులను అదిలించే మనిషికి జనం ఆడే ఆటలు సగం గ్రంథానికి తగినవిగా కనిపించాయి. డిగ్రీ చదివే పిల్లకు అరుగు దిగడానికి కూడా తగినవి కాలేదు.

తర్వాత ఉద్యోగంలో చేరాక, చరిత్ర చెప్పే తోటి ఉపాధ్యాయిని ఒకావిడ మధ్యాహ్నం క్యారియర్ విప్పుకుంటూ గ్రీకుల కథలు చెప్పేది. అక్కడ పాట, ఆట వేరు కాదట, రెండింటికీ కలిపి ఒకటే మాట. బృందంలో చేరి అలా పాడి ఆడటం రానివాడు చదువు రానివాడితో సమానమని ప్లేటో తన చివరి గ్రంథం 'లాస్'లో రాశాడని ఆవిడ అన్నప్పుడు నా ముద్ద గొంతులో అడ్డంపడింది. గొబ్బికి వెళితే చదువు పోతుందని నేననుకున్నాను. అదే చదువని ఆ దేశంలో అనుకున్నారు.

3. దిద్దే ముందు అది తప్పో కాదో చూడాలి.

ఎం.ఏ. అయ్యాక నాకు జ్ఞానోదయమైంది, అదీ సగమే. బిరుదురాజు రామరాజుగారి తెలుగు జానపద గేయ సాహిత్యము చదివి, మన ఇంట్లో గని ఉంచుకుని ఊరంతా తిరగడమెందుకని 1972 వేసవిలో రెండు వందల పేజీల లాంగ్‌బుక్కు కొనుక్కుని అత్తయ్య దగ్గర కూర్చున్నాను. ఆవిడకప్పటికి ఎనభై దగ్గర పడుతున్నాయి. రోజూ మధ్యాహ్నం పూట పాడేది, నేను రాసుకునేదాన్ని.

రాసుకోవడంతో ఆగితే బాగుండేది. రాత్రి లాంతరు దగ్గర కూర్చుని సాపు చేసేదాన్ని. వ్యావహారికంలో ఉన్నవి కొన్ని గ్రాంథికం చేశాను. "సీతమ్మ" అని ఉన్నచోట "సీతాదేవి" అని రాశాను. చరణం చివర రెండేసిసార్లు వచ్చే ఒక మాటకు ఎంత ఆలోచించినా అర్థం దొరక్క కొట్టేశాను. వారం తర్వాత మా వీధి పిల్లల్ని పోగుచేసి, నా సాపు ప్రతి చూసి పాడించబోతే పాట నడవలేదు. సీతమ్మ దగ్గర ఐదు మాత్రలు, సీతాదేవి దగ్గర ఏడు. ఆ రెండు మాత్రల తేడాతో చప్పట్లు పాట మీద పడకుండా పక్కన పడ్డాయి. నేను కొట్టేసిన అర్థంలేని మాట ఏమిటో కూడా అప్పుడు తెలిసింది. పిల్లలు ఒక పక్క నుంచి ఇంకో పక్కకు తిరిగేది ఆ మాట మీదే. అది నోటికి కాదు, కాళ్ళకు.

అయినా నా పొగరు దిగలేదు. శుద్ధప్రతి తీసుకెళ్ళి అత్తయ్యకు చదివి వినిపించాను. ఆవిడకు అక్షరాలు రావు. కళ్ళు మూసుకుని చివరిదాకా విని, "బాగుందమ్మా. ఎవరి పాట?" అంది. వెటకారం కాదు. నిజంగానే అడిగింది.

చరిత్ర టీచరు చెప్పిన మరో సంగతి ఇక్కడే చెప్పాలి. క్రీస్తుకు పూర్వం ఏడో శతాబ్దంలో స్పార్టా నగరంలో అల్క్‌మన్ అనే కవి కన్నెపిల్లల బృందాల కోసం పాటలు కట్టాడు. వాటిలో ఒకటి ఈజిప్టులో, సక్కారా పిరమిడ్ల దగ్గర, పపైరస్ ముక్క మీద 1855లో బయటపడింది. ఇప్పుడు పారిస్‌లో లూవ్ర్ మ్యూజియంలో ఉంది. దక్కినవి సుమారు వంద పంక్తులు, వాటిలోనూ చిరుగులు. వరస లేదు, అడుగు లేదు. ఏ మాట దగ్గర ఆ పిల్లలు పక్కకు తిరిగారో ఎవరికీ తెలియదు. పండితులు నూట అరవై ఏళ్ళకు పైగా ఆ పంక్తుల మీద వాదించుకుంటూనే ఉన్నారు. రెండున్నర వేల ఏళ్ళ దూరం వల్ల వాళ్ళకు జరిగిన నష్టాన్ని నేను నా ఇంట్లో, పాడే మనిషి ఎదురుగా ఉండగా, పెన్సిలుతో చేసి పెట్టాను.

4. పాడని ఏడాది కూడా పాట లెక్కలోకే వస్తుంది.

1977 నవంబరు 19. దివిసీమ ఉప్పెన అని చరిత్రలో పేరు పడింది గాని ఏటికి ఇవతల రేపల్లె, నిజాంపట్నం వైపు కూడా పల్లెలు తుడిచిపెట్టుకుపోయాయి. నేను తెనాలిలో ఉన్నాను. రైలు నడవడం మొదలవగానే ఊరికి వెళ్ళాను. మా ఇంటి మట్టిగోడలు కూలి, ట్రంకుపెట్టెలో లాంగ్‌బుక్కు ముద్దయిపోయి ఉంది. అత్తయ్య పోయి అప్పటికి మూడేళ్ళు. నెలగంట వచ్చింది, ఉప్పెనకు సరిగ్గా ఇరవై ఏడు రోజులకు. పిల్లల మనసు మళ్ళుతుందని, నేనే పూనుకుని నలుగురిని పోగుచేసి గొబ్బి తడదామన్నాను. ఎనిమిదేళ్ళ పిల్ల నా ముఖంలోకి చూసి, "పేడ ఏదక్కా?" అంది. ఊళ్ళో గొడ్డు మిగల్లేదు. ఆ మాట తట్టనంత దూరం వెళ్ళిపోయాను నేను, ఆ ఊరికి.

5. ఎవరు లేరో లెక్కపెట్టాకే ఎవరున్నారో లెక్కపెట్టాలి.

ఇది రాయడం కష్టంగానే ఉంది. మా ఇంటి గొబ్బెమ్మకు పేడ తెచ్చేది మా గొడ్లు కాసే పల్లె పిల్ల. నా ఈడుదే. తెల్లవారుజామున చలిలో గంప దించి వెళ్ళేది. ఆ పేడ మా చేతుల్లో గొబ్బెమ్మ అయిన క్షణం నుంచి ఆ పిల్ల దాన్ని తాకకూడదు. సాయంత్రం కాలవ చప్టా మీద నిలబడి మా ఆట చూసేది. మేం చూసేవాళ్ళమా ఆ పిల్లను? చూసేవాళ్ళం, చెట్టును చూసినట్టు.

నాట్ల రోజుల్లో ఆ పిల్లా, వాళ్ళ అమ్మా మా చేలో వరసలో వంగి పాడేవాళ్ళు. ఒకామె ఎత్తితే వరస వరసంతా అందుకునేది. మడిలో అడుగు వెనక్కి పడటం, నారు గుచ్చే చెయ్యి, పాట మూడూ ఒకే తూగు. గట్టు మీద నిలబడి విన్నాను గాని అది పాటల్లో జమ అని నాకు తోచలేదు, లాంగ్‌బుక్కులో ఒక్క ముక్కా ఎక్కించలేదు. వెల్చేరు నారాయణరావుగారు తెలుగు ఆడవాళ్ళ రామాయణ పాటల మీద 1991లో అచ్చయిన వ్యాసంలో బ్రాహ్మణ స్త్రీలు ఇంట్లో పాడుకునే పాటలనూ, పొలాల్లో పనిచేసే స్త్రీల పాటలనూ కలిపి పరిశీలించారు. అది చదివిన రోజు ఆ గట్టు గుర్తొచ్చింది. వెళ్ళి అడుగుదామంటే ఆ పిల్ల ఎక్కడుందో, అసలు ఉందో లేదో తెలియదు.

ఇక అత్తయ్య మాట. బి.ఏ. చివరి ఏడు, 1881లో రాజమండ్రిలో కందుకూరి వీరేశలింగంగారు జరిపించిన మొదటి వితంతు వివాహం మీద పది పేజీల వ్యాసం రాసి బహుమతి తెచ్చుకున్నాను. ఆ కప్పు చేత్తో పట్టుకుని సంక్రాంతికి ఇంటికెళ్ళాను. అత్తయ్య ఎప్పటిలాగే తలుపు వెనక ఉంది. నాలుగడుగులు వేసి, చెయ్యి పట్టుకుని వాకిట్లోకి తీసుకొస్తే ఏమయ్యేది? నాయనమ్మ గొణిగేది, నాన్న ముఖం మాడ్చుకునేవాడు, అంతకు మించి ఏమీ కాదు. నాకు తోచలేదని చెప్పుకుంటే సరిపోదు. తోచింది. పండగపూట గొడవెందుకులే అనుకున్నాను.

6. మైకు వస్తే వలయం విరుగుతుంది.

ఈ ముక్క క్లుప్తంగా చెప్పి వదిలేస్తాను, సిగ్గు కాబట్టి. ఎనభైల్లో నేను పనిచేసిన చోట సంక్రాంతికి గొబ్బి పోటీలు మొదలుపెట్టింది నేనే. జట్టుకు ఐదు నిమిషాలు, ఒకే రంగు పరికిణీలు, థర్మోకోల్ గొబ్బెమ్మ. న్యాయనిర్ణేతలకు పిల్లల వీపులు కనపడకూడదని, గుండ్రంగా తిరగాల్సినవాళ్ళను అర్ధచంద్రంలా నిలబెట్టాను. ఒకరి ముఖం ఒకరు చూసుకుంటూ పాడాల్సిన పాటను ముగ్గురు పెద్దమనుషుల ముఖాలు చూస్తూ పాడారు. ప్రథమ బహుమతి రాని జట్టులో ఇద్దరు పిల్లలు ఏడాదిపాటు మాట్లాడుకోలేదు. తెలంగాణలో 2014లో బతుకమ్మను రాష్ట్ర పండగ చేసినప్పుడు మన గొబ్బికీ అలాంటి గౌరవం కావాలని మా స్నేహితురాళ్ళు అన్నారు. నేను తలూపలేదు. బతుకమ్మ తట్టుకుంటుందేమో, దాని వెనక ఊళ్ళకు ఊళ్ళున్నాయి. గొబ్బికి నేను చేసిన గౌరవం చాలు.

7. వలయంలో ఏటా ఒక ఖాళీ వస్తుంది.

1962లో అక్కకు పెళ్ళయింది, బాపట్ల దగ్గర సంబంధం. మరుసటి సంక్రాంతికి కొత్త పెళ్ళికూతురుగా వచ్చి, చేతినిండా గాజులతో అరుగు చివర నిలబడింది. పెళ్ళయిన పిల్ల గొబ్బికి రాకూడదన్న నియమం లేదు. కానీ ఎవరూ రమ్మనలేదు. నేనూ అనలేదు. ఆ ఏడు పాట ఎత్తే వంతు నాకు వచ్చింది మరి. నేను పాడుతున్నంతసేపూ అక్క పెదవులు కదులుతూనే ఉన్నాయి, గొంతు రాలేదు.

ఆ స్పార్టా పాటలో పిల్లలు దేవత గురించి కంటే తమ గురించీ, తమ ముందు నడిచే హగేసిఖోర, అగిదో అనే ఇద్దరి గురించే ఎక్కువ చెప్పుకుంటారట. హగేసిఖోర అంటేనే బృందాన్ని నడిపేది అని అర్థం. ఆ మాట విన్నాక నాకు కలిగిన సందేహం పండితులెవరూ తీర్చేది కాదు. ఆమెకు పెళ్ళయి వెళ్ళిపోయిన ఏడు ఆ పాట ఎవరు ఎత్తారు? ఎత్తిన పిల్ల అరుగు మీదకు ఒక్కసారైనా చూసిందా?

8. పాట కావాలని వచ్చిన పిల్లకు పాట పంపకు, రమ్మను.

ఫోన్‌లో పంపమన్న పిల్లతో, "పంపడానికి లేదు గాని ఆదివారం సాయంత్రం నీ స్నేహితులతో కిందికి రా" అన్నాను. జంపని నుంచి పాలు తెచ్చే అబ్బాయితో పేడ తెప్పించాను. రెండు వందలు అడిగాడు, ఇచ్చాను. శనగలు నానబెట్టాను. బాపట్లకు ఫోన్ చేస్తే అక్క మొదట "మోకాళ్ళే" అంది, తర్వాత మనవణ్ణి తోడు తీసుకుని పొద్దుటి రైలుకే దిగింది.

సెల్లార్‌లో, రెండు కార్ల మధ్య ముగ్గేశాం. తొమ్మిదిమంది పిల్లలు. అక్క ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుని, కిందిశ్రుతిలో ఎత్తింది, అచ్చు అత్తయ్యలాగే. పిల్లలు మొదట నవ్వారు, తర్వాత అందుకున్నారు. మూడో చరణం దాకా బాగానే సాగింది. అక్కడ అక్క ఆగిపోయింది. మాట రావడం లేదు. నా వైపు చూసింది. నాకూ గుర్తు లేదు. లాంగ్‌బుక్కులో ఉండేది, సీతాదేవితో సహా. ఆ క్షణంలో మేమిద్దరం, ఎనభై దాటినదీ దాటబోయేదీ, వంటింటి తలుపు కోసం వెతుకుతున్నట్టు లిఫ్టు వైపు చూశాం.

పిల్లలు చప్పట్లు ఆపలేదు. జనరేటర్ పక్కన చీపురు పట్టుకుని వాచ్‌మన్ భార్య నిలబడి ఉంది. నిజాంపట్నం వైపు నుంచి వచ్చినావిడ. ఎప్పటి నుంచి నిలబడిందో నేను గమనించలేదు, ఇన్ని పాఠాలు నేర్చుకున్నాక కూడా. ఆవిడ గొంతెత్తింది. మాటలు మావి కావు, వరస మాత్రం అదే. మేం పక్కకు తిరిగే చోటే ఆవిడ మాటా తిరిగింది.

నేను కుర్చీ పట్టుకుని లేచి, ఆవిడ దగ్గరికి నడవడం మొదలుపెట్టాను. నా మోకాళ్ళూ అక్క మోకాళ్ళ లాంటివే. నేను సగం దూరం వెళ్ళేసరికి, పాట అడగడానికి వచ్చిన పిల్ల అడుగు పక్కకు వేసి ఆవిడకు చోటిచ్చింది. చీపురు గోడకు ఆనించి ఆవిడ వచ్చి వరసలో చేరింది.